కొన్న లిస్టుకు మెయిళ్లు పంపించారు, ఇప్పుడు పార్ట్‌నర్‌షిప్స్‌లోకి వెళ్లమంటున్నారు: ఈ పనిలో భవిష్యత్తు ఉందా?

బత్తాయి_తోట

నల్లగొండలో బీకాం చదివి, హైదరాబాదులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లుగా ఈమెయిల్ మార్కెటింగ్ చేస్తున్నాను. చిన్న దుకాణాలకు, మిల్లులకు బిల్లింగ్, స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ అది. నేను చేరిననాడు లిస్టులో పదకొండు వందల చిరునామాలు ఉండేవి. వెబ్‌సైటులో ఫారం నింపినవారిని, ఎగ్జిబిషన్లలో తామంతట తామే కార్డు ఇచ్చినవారిని మాత్రమే చేర్చుకుంటూ దానిని తొమ్మిది వేలకు తెచ్చాను. మంగళవారం మెయిలు వెళ్తే పది పదిహేను మంది తిరిగి జవాబు రాసేవారు. ఆ జవాబులు చదవడమే ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

మొన్నటి వేసవిలో పైవారు ఎవరి దగ్గరో అరవై వేల చిరునామాలున్న ఎక్సెల్ ఫైలు కొని తెచ్చి, అందరికీ ఒకే రోజు పంపమన్నారు. వద్దని రాతపూర్వకంగా చెప్పాను. వినలేదు. పంపాను. ఐదో వంతుకు పైగా బౌన్స్ అయ్యాయి, అంటే చేరకుండా తిరిగి వచ్చాయి, చేరినవారిలో ఎందరో స్పామ్ అని నొక్కారు, రెండు వారాలు తిరిగేసరికి మా పాత కస్టమర్లకు వెళ్లే ఇన్‌వాయిస్‌లు కూడా స్పామ్ ఫోల్డరులో పడడం మొదలైంది. నింద నా మీదికి వచ్చింది. ఈమెయిల్‌కు ఇక కాలం చెల్లిందని, నన్ను పార్ట్‌నర్‌షిప్స్ టీములోకి, అంటే వేరే వ్యాపారుల ద్వారా మా సాఫ్ట్‌వేర్ అమ్మించే విభాగంలోకి, మారమని అంటున్నారు.

ఈ నాలుగేళ్ల పని ఒక వృత్తిగా నిలబడుతుందా, లేక అందరూ చెప్తున్నట్టు కోడింగ్ నేర్చుకోవలసిందేనా? పార్ట్‌నర్‌షిప్స్‌లోకి మారడం పదోన్నతి అవుతుందా, నన్ను పక్కకు తప్పించడం అవుతుందా? ఇంటికి పెద్దకూతురిని, అమ్మకు ఆరోగ్యం బాగుండదు కాబట్టి నల్లగొండ నుంచే చేయగలిగిన పని అయితే ఇంకా మేలు.

జడ్చర్ల_జంక్షన్

ఇన్‌వాయిస్‌లు, ప్రచార మెయిళ్లు ఒకే డొమైన్ (చిరునామాలో @ తరువాతి పేరు) నుంచి వెళ్తున్నాయా? గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో స్పామ్ రేటు (మీ మెయిళ్లను ఎంత శాతం మంది స్పామ్ అని నొక్కారన్న లెక్క) ఎంత చూపిస్తోంది? డీమార్క్ పెట్టారా?

బత్తాయి_తోట

రెండూ ఒకే డొమైన్ నుంచే వెళ్తున్నాయి. స్పామ్ రేటు ఆ రోజు 2 శాతం దాటింది, ఇప్పుడు 0.4 దగ్గర ఉంది. ఎస్‌పీఎఫ్, డీకిమ్ ఉన్నాయి. డీమార్క్ పెట్టమని రెండేళ్లుగా ఐటీ విభాగాన్ని అడుగుతూనే ఉన్నాను.

జడ్చర్ల_జంక్షన్

మీకు తెలిసిన విషయమే అయినా, చదువుతున్న మిగతావారి కోసం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

మిర్యాలగూడ మిల్లు నుంచి బియ్యం లారీ బయలుదేరిందనుకుందాం. మిల్లు మీ కంపెనీ, బియ్యం మెయిలు, లారీ దానిని మోసే సర్వరు, గేటు జీమెయిల్. ఫలానా లారీలు మాత్రమే మా సరుకు తెస్తాయని మిల్లు యజమాని ముందే ఇచ్చిన జాబితా ఎస్‌పీఎఫ్. దారిలో ఎవరూ విప్పలేదని చూపే బస్తా మీది సీలు డీకిమ్. లారీ జాబితాలో లేకపోగా సీలు కూడా సరిగా లేకపోతే గేటు దగ్గర ఏం చేయాలో యజమాని రాసి ఇచ్చిన ఆదేశం డీమార్క్: లోపలికి రానివ్వాలా, పక్కన నిలబెట్టాలా, తిప్పి పంపాలా అన్నది అందులో ఉంటుంది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి ఈ మూడూ ఉండి తీరాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది. యాహూ కూడా అప్పుడే అదే దారి పట్టింది. ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రయిబ్ అయ్యే వీలుండాలి, ఆ కోరికను రెండు రోజుల్లో తీర్చాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపు ఉంచుకోవడం క్షేమం. అంటే జీమెయిల్‌లో ఇన్‌బాక్సుకు చేరిన వెయ్యి మెయిళ్లలో ముగ్గురు విసుగుపడి ఆ గుర్తు నొక్కితే చాలు, గీత తాకినట్టే.

కొన్న లిస్టులో ఆ ముగ్గురు ముప్పై మంది అవుతారు. అందులో ఎప్పుడో మూతపడిన చిరునామాలు ఉంటాయి, ఎవరికీ చెందకుండా కేవలం ఇలాంటి పంపకందారులను పట్టుకోవడానికే పెట్టిన ఉచ్చు చిరునామాలు ఉంటాయి. డీమార్క్ లేకుండా ఒకే రోజు అరవై వేలు పంపడమంటే గేటు దగ్గరకు పత్రాలు లేని లారీలు వరుస కట్టడమే. పాడైనది ఆ ఒక్క మెయిలు కాదు, డొమైన్ పేరు. అందుకే మీ ఇన్‌వాయిస్‌లు కూడా దాని వెంట మునిగాయి.

ఇదంతా ముందే తెలిసి వద్దని రాసి ఇచ్చిన మనిషి మీరు. ఆ విభాగంలో ఏం జరుగుతుందో అర్థమైన ఒకే ఒక్కరు మీరేనని నాకు అనిపిస్తోంది. మెయిళ్లు స్పామ్‌లో పడకుండా ఇన్‌బాక్సుకు చేరేలా చూసే ఈ పనిని డెలివరబిలిటీ అంటారు, దీనిని లోతుగా తెలిసినవారు చాలా తక్కువ. నేను సిస్టమ్ అడ్మిన్‌గా మొదలుపెట్టి ఇందులోకి వచ్చాను, ఇప్పుడు ఇంటి నుంచే మూడు కంపెనీలకు చూస్తున్నాను.

పాలమూరు_హోల్‌సేల్

నా అభిప్రాయం వేరు. మహబూబ్‌నగర్‌లో ఇరవై రెండేళ్లుగా కిరాణా హోల్‌సేల్ చేస్తున్నాను, నా దగ్గర సరుకు తీసుకునే దుకాణదారుల్లో మెయిలు తెరిచి చూసేవాడు ఒక్కడూ లేడు. ఈ రోజు చక్కెర ధర ఎంతో వాట్సాప్‌లో పెడితే పది నిమిషాల్లో ఆర్డర్లు వస్తాయి. చిన్న దుకాణాలకు సాఫ్ట్‌వేర్ అమ్ముతూ మెయిళ్లు రాయడమంటే వినేవాడు లేనిచోట చాటింపు వేయడమే. ఆ అమ్మాయి పైవారు చేసిన పని తప్పే కావచ్చు గాని, ఈమెయిల్‌కు కాలం చెల్లిందన్న మాటలో కొంత నిజం ఉంది.

తేలియా_రుమాల్

హోల్‌సేల్ అన్న చెప్పింది ఆయన వ్యాపారానికి నిజం. మా వ్యాపారానికి కాదు.

మాది పుట్టపాక, పాత నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. తేలియా రుమాల్ నేసే ఇల్లు మాది. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, పడుగు పేక రెండింటికీ చిటికి కట్టి (రంగు అంటకూడని చోట దారం చుట్టి) రంగు వేసి నేస్తాం. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంత శ్రమ ఉన్న బట్టను వాట్సాప్ ఫొటో చూసి పది నిమిషాల్లో కొనేవారు ఉండరు. కొనేవారు ఆలోచిస్తారు, అడుగుతారు, ఆరు నెలల తరువాత మళ్లీ అడుగుతారు.

ఢిల్లీ, ముంబై ఎగ్జిబిషన్లకు వెళ్లినప్పుడల్లా స్టాలు ముందు ఒక నోటుబుక్కు పెట్టేవాడిని, మగ్గం మీద కొత్తది దిగినప్పుడు ఉత్తరం రాయమంటే రాస్తానని చెప్పి. పదకొండేళ్లలో నాలుగు వందల పన్నెండు పేర్లు వచ్చాయి. రెండు నెలలకు ఒకసారి మా అబ్బాయి వాళ్లకు మెయిలు పంపుతాడు: ఏ నమూనా నేస్తున్నామో, ఎన్ని రోజులు పట్టిందో, ఒక ఫొటో, అంతే. ఆ నాలుగు వందల పన్నెండు మంది మీదే మా ఇంట్లో మూడు మగ్గాలు ఆడుతున్నాయి. అందులో సగం మంది బయటి దేశాలవారు. వాళ్లు వాట్సాప్ నంబరు ఇవ్వరు, మెయిలు చిరునామా ఇస్తారు.

పాలమూరు_హోల్‌సేల్

నాలుగు వందల మందితో మూడు మగ్గాలా? నేను ఆ కోణంలో ఆలోచించలేదు. బయటి దేశాల సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటాను. అయినా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొనేవాడు నా లాంటివాడే కదా, వాడిని మెయిలుతో ఎలా చేరుకుంటారు?

కృష్ణా_తీరం

హోల్‌సేల్ గారి ఈ ప్రశ్నకు జవాబు చెప్తే బత్తాయి_తోట గారి రెండో ప్రశ్నకు కూడా చెప్పినట్టవుతుంది. గద్వాల మాది, తొమ్మిదేళ్లుగా పార్ట్‌నర్‌షిప్స్‌లో ఉన్నాను.

మీరు మెయిలు చూడరు, సరే. మీ జీఎస్‌టీ రిటర్నులు వేసే ప్రాక్టీషనర్ చూస్తాడు. పోర్టల్ నుంచి, క్లయింట్ల నుంచి, డిపార్ట్‌మెంటు నుంచి ఆయనకు వచ్చేవన్నీ మెయిళ్లే. 2017 జూలైలో జీఎస్‌టీ వచ్చాక పట్టణాల్లో చిన్న దుకాణదారు కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకోవాలంటే మొదట అడిగేది ఆయననే. అలాగే బిల్లు ప్రింటర్లు, బార్‌కోడ్ మెషీన్లు అమ్మే కంప్యూటర్ షాపు, మిల్లులకైతే వేబ్రిడ్జి పెట్టే డీలరు. టాలీ ఎన్నో ఏళ్లుగా ఊరూరా ఇలాంటి పార్ట్‌నర్ల ద్వారానే చేరింది. ఒక ప్రాక్టీషనర్ వెనుక ఎనభై దుకాణాలు ఉంటాయి. దుకాణాలన్నిటికీ మీరు మెయిలు రాయవలసిన పని లేదు, ఆ ఒక్కడికి రాయాలి, అది ఆయనకు పనికి వచ్చేలా రాయాలి.

ఎప్పుడు రాయాలన్నది కూడా తెలిసి ఉండాలి. నెలనెలా వేసేవారికి జీఎస్‌టీఆర్-1 గడువు 11వ తేదీ, 3బీ గడువు 20వ తేదీ. ఆ రెండు తేదీలకు ముందు రోజుల్లో ఆయనకు మీ సాఫ్ట్‌వేర్ గొప్పలు పంపితే స్పామ్ అని నొక్కక ఏం చేస్తాడు? 22 దాటాక, ఊపిరి తీసుకున్నాక రాయండి. ఈ ఒక్క మార్పుతోనే నాకు జవాబులు రావడం మొదలైంది.

కాబట్టి ఈమెయిల్ నుంచి పార్ట్‌నర్‌షిప్స్‌కు వెళ్తున్నవారు పాత పనిని వదిలి వెళ్లరు, వెంట తీసుకువెళ్తారు. పార్ట్‌నర్ మేనేజర్లలో చాలామందికి కలవడం, మాట్లాడడం వచ్చు గాని, కలిసిన వారిని ఏడాది పొడవునా క్రమం తప్పకుండా పలకరిస్తూ ఉండడం రాదు. మీకు అది నాలుగేళ్లుగా వచ్చు.

బత్తాయి_తోట

చాలా ధైర్యంగా ఉంది చదువుతుంటే. కాని నాకు ఒక భయం ఉంది. కొత్త టీములో నాకు ఇచ్చిన మొదటి పని, పార్ట్‌నర్ల దగ్గరున్న క్లయింట్ల మెయిలు చిరునామాలు సేకరించడం. కమీషన్ కావాలంటే ముందు లిస్టు ఇవ్వాలన్న షరతు పెట్టమంటున్నారు. ఎక్సెల్ ఫైలు కొనడానికీ దీనికీ తేడా నాకు కనిపించడం లేదు.

తేలియా_రుమాల్

తేడా లేదు చెల్లెమ్మా. నాకు జరిగింది చెప్తాను. నాలుగేళ్ల కింద ఒక పెద్ద బట్టల దుకాణంవారు కలిసి పని చేద్దామని వచ్చారు. పేరు చెప్పను. మా నోటుబుక్కు పేర్లన్నీ ఇస్తే వాళ్ల మెయిళ్లలో మా రుమాలు కూడా చూపిస్తామన్నారు. ఇచ్చాను. ఆ నెల రోజుల్లో వాళ్లు పదహారు మెయిళ్లు పంపారు, ఒక్కదానిలో మాత్రం మా రుమాలు ఫొటో ఉంది. ముప్పై ఒక్క మంది నాకు నేరుగా రాసి పేరు తీసేయమన్నారు. వారిలో ఒక పెద్దావిడ, ఏడేళ్లుగా మా దగ్గర కొంటున్నావిడ, "మీ చేతికి ఇచ్చాను, బజారుకు ఇవ్వలేదు" అని రాశారు. ఆ మెయిలు ఇప్పటికీ చెరిపేయలేదు. ఆమె మళ్లీ కొనలేదు.

సాగర్_ఎడమకాలువ

ఇక్కడ కొంచెం ఎక్కువ భయపెడుతున్నారని నా అభిప్రాయం. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఎగుమతుల పని చూస్తాను. అమెరికాలోని దిగుమతిదారులకు ముందుగా పరిచయం లేకుండానే మెయిలు రాస్తాం. అక్కడి 2003 నాటి క్యాన్-స్పామ్ చట్టం ముందస్తు అనుమతి అడగదు: అబద్ధపు సబ్జెక్ట్ లైన్ ఉండకూడదు, మన పోస్టల్ చిరునామా ఉండాలి, వద్దన్నవారిని పది పనిదినాల్లో తీసేయాలి. అవన్నీ పాటిస్తే తప్పేమిటి? పరిచయం లేనివారికి రాయకపోతే కొత్త వ్యాపారం ఎక్కడి నుంచి వస్తుంది?

జడ్చర్ల_జంక్షన్

మీరు ఒక కంపెనీ కొనుగోలు విభాగాన్ని వెతికి, వారి అవసరం తెలుసుకుని, ఒక మనిషి ఒక మనిషికి రాసినట్టు రాస్తున్నారు. దానిని నేను తప్పు అనను. అరవై వేల మందికి ఒకే మాట పంపడం వేరు.

చట్టం విషయంలో మీరు చెప్పింది అమెరికా వరకు సరే. అదే మెయిలు కెనడాకు వెళ్తే 2014 నుంచి అమలులో ఉన్న అక్కడి చట్టం అనుమతి అడుగుతుంది. యూరప్‌లోని ఒక వ్యక్తి చిరునామా వాడుకుంటే 2018 మే నుంచి జీడీపీఆర్ అనే డేటా రక్షణ చట్టం ఉంది. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, ఏ పని కోసం అనుమతి తీసుకున్నామో ఆ పనికే వాడుకోవాలని, అనుమతి ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలని అంటుంది. జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా పెట్టారు. జీఎస్‌టీ ప్రాక్టీషనర్‌కు దుకాణదారు మెయిలు ఇచ్చింది రిటర్ను వేయడానికి. దానిని మూడోవారికి ఇస్తే ఇబ్బందిలో పడేది ఆ ప్రాక్టీషనరే. ఇక జీమెయిల్ సంగతి చెప్పనే అక్కర లేదు. క్యాన్-స్పామ్ పది పనిదినాలు ఇస్తే జీమెయిల్ రెండు రోజులే ఇస్తుంది. ఏ చట్టం అనుమతించినా ఇన్‌బాక్సు తలుపు తీసేది జీమెయిలే.

సాగర్_ఎడమకాలువ

ఒక మనిషి ఒక మనిషికి రాయడం అన్న తేడాను ఒప్పుకుంటున్నాను. మేము వారానికి ఇరవైకి మించి రాయం. కెనడా సంగతి మాత్రం మా యజమానికి ఈ రోజే చూపిస్తాను, టొరంటో వైపు రాస్తున్నాం.

కృష్ణా_తీరం

లిస్టు అడగకుండా పార్ట్‌నర్‌షిప్ ఎలా చేయాలన్నది బత్తాయి_తోట గారికి ఉపయోగపడుతుంది కాబట్టి నేను చేసే పద్ధతి రాస్తున్నాను.

లిస్టు ఎవరిది వారి దగ్గరే ఉంటుంది. పార్ట్‌నర్ తన క్లయింట్లకు తన పేరుతో, తన మెయిలు నుంచి పంపుకుంటాడు. రాసిపెట్టేది మనం: ఉదాహరణకు ఈ-వే బిల్లులో తరచుగా జరిగే పొరపాట్ల గురించి ఒక పేజీ, చివర మన లింకు. ఆ లింకుకు పార్ట్‌నర్ గుర్తుగా యూటీఎమ్ ట్యాగు తగిలిస్తాం. దానిని నొక్కి వచ్చి, ఫారం నింపి, మాకు రాయండి అని టిక్ పెట్టినవాడే మన లిస్టులోకి వస్తాడు. ఎనభై దుకాణాల్లో నలుగురే రావచ్చు. ఆ నలుగురు తమంతట తాము వచ్చినవారు.

కమీషన్ దగ్గరే ఎక్కువ పార్ట్‌నర్‌షిప్స్ విరిగిపోతాయి, దీని మీద నా బాధ ఒకటి ఉంది. ఇంతకుముందు పని చేసిన చోట, వనపర్తి వైపు ఒక కంప్యూటర్ షాపు యజమాని తన దుకాణదారులను ఒక్కొక్కరిని మా దగ్గరకు తెచ్చాడు. వారిలో ఒక పెద్ద వ్యాపారితో మా సేల్స్ వారు నేరుగా మాట్లాడి, తగ్గింపు ఇచ్చి, ఆ అమ్మకాన్ని తమ ఖాతాలో రాసుకున్నారు. లీడ్ (కొనే అవకాశమున్న కస్టమరు) ఎవరిదో నిరూపించే కాగితం ఏదీ లేదు. ఆయన కమీషన్ పోయింది. నేను గొంతు చించుకున్నాను, ఫలితం లేదు. ఆయన కోపంగా మాట్లాడి ఉంటే బాగుండేది. "మంచిది సార్" అని ఫోను పెట్టేశాడు, తన నలభై దుకాణాలతో వేరే కంపెనీకి వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ఒప్పందంలో ఇవి లేకుండా ఎవరితోనూ మొదలుపెట్టను: పార్ట్‌నర్ పేరు చెప్పి లీడ్ నమోదు చేసిన రోజు నుంచి 90 రోజులు అది ఆయనదే, ఎవరు మాట్లాడి ముగించినా సరే, రెన్యువల్ మీద కమీషన్ ఉందా లేదా అన్నది మొదటిరోజే రాయాలి, డబ్బు ఏ తేదీకి పడుతుందో రాయాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సరఫరాదారులకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టమే చెప్తుంది. నేను 30 అని రాయిస్తాను.

దేవరకొండ_బస్సు

అక్కా, అన్నా, నేను మహాత్మా గాంధీ యూనివర్సిటీలో ఎంబీఏ చివరి సంవత్సరం. ఇందులోకి రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? కోర్సు తీసుకోమంటే అమీర్‌పేటలో అరవై వేలు అడుగుతున్నారు.

బత్తాయి_తోట

అరవై వేలు ఎవరికీ ఇవ్వకు తమ్ముడూ. హబ్‌స్పాట్ అకాడమీలో ఈమెయిల్ మార్కెటింగ్ కోర్సు ఉచితం, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. నేను అదే చేశాను. సర్టిఫికెట్ కన్నా ముఖ్యంగా ఒక సొంత డొమైన్ కొనుక్కో, మామూలు పేరైతే ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కల అవుతుంది. జోహో క్యాంపెయిన్స్, బ్రెవో వంటివాటిలో ఉచిత ఖాతా తెరిచి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ నీ చేతులతో నువ్వే పెట్టు. తరువాత నీకు నిజంగా తెలిసిన విషయం మీద, నిజంగా అడిగిన ఇరవై మందికి వారానికి ఒక మెయిలు రాయి. దేవరకొండ వైపు బత్తాయి రైతుల పిల్లలు ఎందరో హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు, నల్లగొండ మార్కెట్ ధర వారానికి ఒకసారి తెలిస్తే సంతోషించేవారు వాళ్లలో ఇరవై మంది దొరకరా?

ఇంటర్వ్యూలో నన్ను అడిగింది కూడా సర్టిఫికెట్ గురించి కాదు. ఓపెన్ రేటు (ఎంతమంది మెయిలు తెరిచారన్న లెక్క) మీద ఎంత నమ్మకం ఉంచుతావని అడిగారు. 2021లో యాపిల్ మెయిల్‌లో గోప్యతా రక్షణ వచ్చినప్పటి నుంచి, దానిని ఆన్ చేసుకున్నవారి మెయిళ్లలోని బొమ్మలను యాపిలే ముందుగా దింపుకుంటుంది, తెరిచారా లేదా అన్నది బొమ్మ దిగడాన్ని బట్టే లెక్కిస్తారు కాబట్టి మనిషి చూడకపోయినా చూసినట్టు లెక్కలోకి వస్తుంది. కాబట్టి క్లిక్కులు, జవాబులు, అమ్మకాలు చూస్తానని చెప్పాను.

దేవరకొండ_బస్సు

మా చిన్నాన్నకే నాలుగెకరాల బత్తాయి ఉంది అక్కా. ధర తెలియక దళారి చెప్పిన మాటకే ఇచ్చేస్తాడు. మెయిళ్లు తెలుగులో పంపవచ్చా?

జడ్చర్ల_జంక్షన్

తప్పకుండా పంపవచ్చు, ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. మెయిలు కోడ్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాదాన్ని కత్తిరించి దాచేస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ప్రతి గుర్తుకు మూడు బైట్లు కావాలి. మనకు ఒకే అక్షరంగా కనిపించే "స్త్రీ"లో ఆరు గుర్తులున్నాయి, అంటే 18 బైట్లు. డిజైను బరువుగా పెట్టి, తెలుగులో పొడవుగా రాస్తే కత్తెర పడుతుంది. కత్తిరించిన భాగంలోనే అన్‌సబ్‌స్క్రయిబ్ లింకు ఉంటుంది. అది కనబడనివాడు స్పామ్ నొక్కుతాడు. అలంకారాలు తగ్గించి మామూలు ఉత్తరంలా రాయండి. విండోస్‌లోని పాత అవుట్‌లుక్ వర్డ్ ఇంజిన్‌తో మెయిలు చూపిస్తుంది కాబట్టి అక్కడ కూడా సాదా మెయిలే చెదరకుండా నిలుస్తుంది.

వాణిజ్య_పాఠం

ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. వ్యాపార ఉత్తరాల పాఠాన్ని పిల్లలు పరీక్షకు మాత్రమే చదివేవారు, మేము కూడా అలాగే చెప్పేవాళ్లమని ఇప్పుడు అనిపిస్తోంది. విచారణ ఉత్తరం, జవాబు, ఆర్డరు, ఫిర్యాదు, సర్దుబాటు అని వరుస ఉండేది. మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు ఉన్నది సర్దుబాటు ఉత్తరం దగ్గర. పాత కస్టమర్లకు ఇన్‌వాయిస్‌లు అందలేదని కంపెనీ ఒప్పుకుని రాసిందా?

బత్తాయి_తోట

రాయలేదు మాస్టారూ. నాకూ తోచలేదు.

జడ్చర్ల_జంక్షన్

మాస్టారు చెప్పిన ఉత్తరం డొమైన్‌కు కూడా మందే. గత రెండు నెలల్లో క్లిక్ చేసినవారికి, జవాబు రాసినవారికి మాత్రమే మొదట పంపండి. వాళ్లు తెరిచి జవాబిస్తే జీమెయిల్ దగ్గర పేరు మెల్లగా కోలుకుంటుంది. వారం వారం కొంచెం పెంచండి. ప్రచార మెయిళ్లను వేరే సబ్‌డొమైన్‌కు (డొమైన్ ముందు ఇంకో మాట చేర్చిన పేరుకు) మార్చి ఇన్‌వాయిస్‌లను విడదీయండి. కొన్న అరవై వేలను మొత్తంగా తుడిచేయండి, ఒక్కటి కూడా మిగలకూడదు.

పాలమూరు_హోల్‌సేల్

దివిటిపల్లి ఐటీ టవర్ 2023లో తెరిచారు, నల్లగొండలో కూడా అదే ఏడాది ఐటీ హబ్ తెరిచారు. మా ప్రాంతపు పిల్లలు అక్కడ కూర్చుని ఇలాంటి పని చేయవచ్చని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం, ఆమెకు ఇదంతా చదివి వినిపించాను.

కృష్ణా_తీరం

పార్ట్‌నర్‌షిప్స్‌లో నల్లగొండలో ఉండడం లోటు కాదు, బలం. సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ మీకు గంటన్నర లోపు. హైదరాబాదులో కూర్చున్నవారు నెలకు ఒకసారి వచ్చి వెళ్తారు. మేనేజరుతో మాట్లాడేటప్పుడు ఇదే మొదట చెప్పండి.

బత్తాయి_తోట

పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. ఇక్కడ చదివినవన్నీ ఒక పేజీగా రాసి మేనేజరుకు ఇచ్చాను. పార్ట్‌నర్‌షిప్స్‌లోకి వస్తాను గాని ఈమెయిల్ కూడా నా దగ్గరే ఉండాలని, లిస్టు అడిగే షరతు తీసేయాలని, నెలకు నాలుగు రోజులే హైదరాబాదు వచ్చి మిగతా రోజులు నల్లగొండ నుంచి జిల్లాలు చూస్తానని అడిగాను. మొదటి రెండూ ఒప్పుకున్నారు. మూడోదానికి ఆరు నెలలు చూద్దామన్నారు, నెలకు ఎనిమిది రోజులు రమ్మన్నారు. జీతం పెరగలేదు.

పోయిన గురువారం డీమార్క్ రికార్డు పెట్టారు. ఇన్‌వాయిస్‌లు అందలేదని ఒప్పుకుంటూ పాత కస్టమర్లలో ఆరు వందల మందికి ఉత్తరం పంపాను. నలభై ముగ్గురు జవాబు రాశారు. స్పామ్ రేటు నిన్న 0.1 చూపించింది.

ఒప్పందంలో లిస్టు గురించి నేను రాసిన వాక్యం ఇది, సరిగా ఉందో లేదో చెప్పండి: "పార్ట్‌నర్ క్లయింట్ల ఫోను నంబర్లు, మెయిలు చిరునామాలు కంపెనీ అడగదు, తీసుకోదు, క్లయింటు స్వయంగా కంపెనీ ఫారం నింపి అనుమతి ఇచ్చినప్పుడు మాత్రమే అతనికి రాస్తుంది, అతను వద్దన్న రెండు రోజుల్లో ఆపుతుంది."

కృష్ణా_తీరం

బాగుంది. ఒప్పందం ముగిసిన తరువాత కూడా ఇది వర్తిస్తుందని ఒక మాట కలపండి. అసలు గొడవ విడిపోయాకే వస్తుంది.

తేలియా_రుమాల్

ఆ వాక్యాన్ని నేనూ వాడుకోవచ్చా చెల్లెమ్మా? వచ్చే నెల ఒక దుకాణంవారు మాట్లాడడానికి వస్తామన్నారు.

బత్తాయి_తోట

వాడుకోండి అన్నా. కృష్ణా_తీరం గారు చెప్పిన మాట కలిపి, "కంపెనీ" ఉన్నచోట "దుకాణం" అని మార్చి సాయంత్రానికి మళ్లీ ఇక్కడ పెడతాను.